మూత తీయని సూపు సీసాలు

మెర్విన్ మొదటి బిస్కెట్‌ని ఎలాగో మింగేశాడు. రెండోది సగం కొరికి, కాసేపు దవడ కదపకుండా కూర్చుని, మిగిలిన సగాన్ని సాసర్లో పెట్టేశాడు. నలభై ఏళ్ళ కాపురంలో భార్య చేతి వంటని ఆయన సగంలో వదిలెయ్యడం అదే మొదలు.

“ఆర్లీన్, ఇందులో మాంసం గానీ వేశావా?” అని మెల్లిగా అడిగాడు.

ఓట్స్ బిస్కెట్లలో మాంసమేమిటి, నీ నాలుకకి ఏమైనా అయిందా అంటూ ఆర్లీన్ తనూ ఒకటి నోట్లో వేసుకుంది. వారం రోజులుగా పట్టి పీడించిన జలుబు ఆ ముందు రోజే వదిలింది. ముక్కు తెరుచుకుంది, నాలుకకి రుచి తిరిగొచ్చింది. అందుకే నమలకముందే తెలిసిపోయింది. బిస్కెట్ ఉప్పగా ఉంది. ఎముకలు మరిగించిన రసం వాసన వేస్తోంది. మధ్యలో ఎండుద్రాక్ష పంటికి తగిలేసరికి ఒళ్ళు జలదరించింది.

మింగలేక, ఉమ్మలేక అలాగే నిలబడిన ఆర్లీన్‌కి అప్పుడు అసలు సంగతి తట్టింది. వంటగట్టు మీద రెండు ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. ఒకదాంట్లో సూపులో కలిపే మాంసం రసం పొడి, ఇంకోదాంట్లో బ్రౌన్ షుగర్. రెండూ గోధుమరంగులోనే ఉంటాయి కాబట్టి మూతల మీద కాగితం అంటించి పేర్లు రాసుకుంది. బిస్కెట్ల పిండిలోకి సూపు పొడి వెళ్ళిందంటే, సూపు సీసాల్లోకి వెళ్ళింది ఏమిటి?

“మూతలు...” అంది.

మెర్విన్ బల్ల వైపు చూస్తూ, ఆ వారం గిన్నెలు తనే కడిగాననీ, మూతలు కూడా కడిగి తనే పెట్టాననీ చాలా చిన్న గొంతుతో ఒప్పుకున్నాడు.

ముప్ఫై ఒక్క సీసాలు. ఒక్కోదాంట్లో అరకప్పు చక్కెర. అన్నీ పంచేసి అప్పటికి ఎనిమిది రోజులైంది.

హార్న్లీలో డిసెంబరు వచ్చిందంటే ఆర్లీన్ సూపు సీసాలు వచ్చినట్టే. నాలుగొందల మంది ఉండే ఆ ఊళ్ళో క్రిస్మస్‌కి ఒకరు జామ్ ఇస్తారు, ఒకరు ఊలు మేజోళ్ళు అల్లి ఇస్తారు, ఆర్లీన్ సూపు సీసా ఇస్తుంది. పన్నెండేళ్ళుగా ఇదే పద్ధతి. చుట్టూ కనుచూపు మేర పప్పు పండే నేల. మెర్విన్ పొలం మేనల్లుడికి అప్పజెప్పి ఊళ్ళోకి వచ్చాక కూడా మైసూరు పప్పు, పచ్చ బఠానీ బద్దలు బస్తాల్లో ఇంటికి వస్తూనే ఉన్నాయి. ఆ పప్పుల్ని గాజు సీసాలో వరసలు వరసలుగా పోస్తుంది ఆర్లీన్. అడుగున బఠానీ బద్దల పచ్చ, దాని మీద బార్లీ తెలుపు, తర్వాత మైసూరు పప్పు ఎరుపు, ఆ పైన రాజ్మా గింజలు, ఎండబెట్టిన ఉల్లి రేకులు, క్యారెట్ ముక్కలు, సూపు పొడి, అన్నిటి మీదా ఒక బిర్యానీ ఆకు. ఒక వరస ఇంకో వరసలోకి జారకుండా గరిటె వెనకవైపుతో అదిమి అదిమి పోస్తుంది. మూతకి గళ్ళ గుడ్డ కట్టి, ‘ఎనిమిది కప్పుల నీళ్ళలో గంటన్నర ఉడికించండి’ అని చీటీ వేలాడదీస్తుంది. ఒక్క సీసాకి అరగంట పడుతుంది. పూర్తయ్యాక కిటికీ వెలుగులో పెట్టి, నాలుగువైపులా తిప్పి చూసుకుంటుంది. ఆ ఏడు జలుబుతో ముక్కు తుడుచుకుంటూనే ముప్ఫై ఒకటీ పూర్తి చేసింది.

అందరికీ ఫోన్ చేసి చెప్పెయ్యమన్నాడు మెర్విన్. ఆర్లీన్‌కి అది ప్రాణం పోయినంత పని. ఊళ్ళో వంట పోటీ పెడితే జడ్జీగా కూర్చునే మనిషి సూపులో చక్కెర పోసిందంటే ఇంకేమైనా ఉందా? కొత్త సీసాలు చేసి, గుడ్డ రంగు బాగా లేదని ఏదో వంక చెప్పి పాతవి మార్చుకొస్తానంది. చెప్పినట్టే రెండు రోజులు వంటింట్లోంచి కదలకుండా మొదటి విడతగా పదిహేను సీసాలు నింపింది.

నింపుతున్నంతసేపూ ఆమెని ఒకటే ఆలోచన తొలిచింది. ఎనిమిది రోజులైంది, తియ్యటి సూపు గురించి ఒక్కళ్ళూ నోరు మెదపలేదు. మొహమాటానికి ఊరుకున్నారనుకుంది. తన మనసు కష్టపెట్టడం ఇష్టంలేక ఆ తీపిని గుటుక్కున మింగారన్నమాట. ఎంత మంచివాళ్ళు అనుకుని కళ్ళు కూడా తుడుచుకుంది.

మర్నాడు పొద్దున బయట గడ్డకట్టే చలి. ఇంజను గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటు తీగ తగిలించి వెచ్చగా ఉంచితే తప్ప కారు ప్రాణం పోసుకోని రోజులవి. సీసాలు వెనక సీటులో దుప్పటి కప్పి పడుకోబెట్టి, ఆర్లీన్ ముందుగా ఆడపడుచు లవర్న్ ఇంటికి వెళ్ళింది. సొంత మనిషి, అక్కడ మాట తడబడినా ఫరవాలేదు.

లవర్న్ కాఫీ పోసింది. కబుర్లు చెప్పింది. సీసా మారుస్తానని ఆర్లీన్ అనగానే, దానికేం, అదుగో అంటూ చెయ్యెత్తి పైకి చూపించింది. అలమారా నెత్తిన పన్నెండు సీసాలు వరసగా, తోమిన వెండి గ్లాసుల్లా మెరుస్తూ నిలబడి ఉన్నాయి. మొట్టమొదటి ఏడు కట్టిన ఆకుపచ్చ గుడ్డని ఆర్లీన్ గుర్తుపట్టింది. అది వెలిసి బూడిదరంగుకి తిరిగింది.

“ఒక్కటీ వండలేదా?” అంది ఆర్లీన్.

“అంత అందంగా చేసి ఇస్తే మూత తియ్యడానికి చేతులెలా వస్తాయి? మా ఇంటికి ఎవరొచ్చినా ముందు వాటినే చూస్తారు తెలుసా?” అంది లవర్న్. ఆమె నిజంగా పొగుడుతూనే అంది.

ఆర్లీన్ కాఫీ సగంలో వదిలేసి లేచింది.

అక్కణ్ణించి మధ్యాహ్నం దాకా తొమ్మిది ఇళ్ళు తిరిగింది. ఒక ఇంట్లో సీసా మెట్ల కింద తలుపు కొట్టుకోకుండా అడ్డంగా పెట్టి ఉంది. ఇంకో ఇంటావిడ అది పట్నంలో ఉన్న తన పళ్ళ డాక్టరుకి కానుకగా ఇచ్చేశానని నాలుక కరుచుకుంది. స్కూల్లో టీచరు తన సీసాని బల్ల మీద పెట్టి, ఇందులో రాజ్మా గింజలెన్నో చెప్పినవాళ్ళకి బహుమతి అని పందెం నడుపుతోంది. ఒకచోట దాన్ని దీపంగా మార్చేశారు, మూతకి బల్బు బిగించి. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. అందరూ కూర్చోబెట్టారు, కేకు పెట్టారు, నీ చేతిలో ఎంత కళ ఉందో అన్నారు. ఎప్పుడైనా వండుకున్నారా అని సూటిగా అడిగితే మాత్రం ఒకరు కిటికీలోంచి మంచు వైపు, ఒకరు తమ కాళ్ళ వైపు చూశారు.

పోస్టాఫీసులో డోరీన్ ఒక్కతే దాచకుండా చెప్పింది. ఉత్తరాలు సర్దుతూ, తల ఎత్తకుండానే, “మా ఇంట్లో గింజల సూపు ఎవరికీ పడదు ఆర్లీన్. కడుపుబ్బరం. ప్రతి ఏడూ తీసుకెళ్ళి నెస్టర్ పావ్లిక్‌కి ఇచ్చేస్తాను. నేనొక్కదాన్నే కాదులే, ఇంకో ఐదారుగురం ఉన్నాం. ఆయనొక్కడే తింటాడు” అంది.

ఆర్లీన్ బయటికొచ్చి కారులో కూర్చుంది. ఇంజన్ వేసింది గానీ బండి కదిలించలేదు. చక్కెర సంగతి ఎవరికీ తెలియలేదని సంతోషించాలో, పన్నెండేళ్ళ పని గుమ్మానికి అడ్డం పెట్టుకున్నారని ఏడవాలో అర్థం కాలేదు. ఆపైన నెస్టర్ పావ్లిక్ పేరు. ఆ పేరు వింటేనే ఆమెకి ఒంటికి కారం రాసినట్టుంటుంది.

నెస్టర్‌కి డెబ్బై తొమ్మిదేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. రైలు పట్టాల పక్కనున్న ధాన్యం గోదాములో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. లారీలోంచి ఒక గింజ తీసి పంటి కింద పెట్టి, తేమ ఎంతో, ఏ రకమో, ఎన్నాళ్ళ కిందట కోసిందో చెప్పేవాడు. ఎదుటివాడు పొలం అమ్ముకునే స్థితిలో ఉన్నా సరే, గింజ బాగా లేకపోతే బాగా లేదనే అనేవాడు. ఆ అలవాటు గోదాము మూతపడ్డాక కూడా పోలేదు. మూడేళ్ళ కిందట చర్చిలో పంటల విందు జరిగినప్పుడు, ఆర్లీన్ గుమ్మడి గుజ్జు నింపి కాల్చిన ‘పై’ తిని, దాని పిండి పెచ్చు అట్టముక్కలా ఉందని నలుగురూ వినేలా అన్నాడు. ఆనాటి నుంచి ఆర్లీన్ ఆయనతో మాట్లాడటం మానేసింది. సీసా ఇవ్వడమన్నది ఊహకి కూడా రాలేదు.

అయినా చక్కెర సూపు నిజంగా నోట్లో పెట్టుకున్న మనిషి ఊళ్ళో ఎవరైనా ఉంటే ఆయనే. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషికి చక్కెర జబ్బు ఉండి ఉంటే? ఆ ఆలోచన రాగానే ఆర్లీన్ బండి తిప్పింది.

నెస్టర్ ఇంటి కిటికీలు ఆవిరి పట్టి ఉన్నాయి. తలుపు తీసి, ఆమెని చూసి ఆయన ఆశ్చర్యపోయినట్టు కనిపించలేదు. “లోపలికి రా, చలి వస్తోంది. బూట్లు విప్పు. ఇప్పుడే దించాను” అన్నాడు.

బల్ల మీద ఆమె సీసాలు ఏడు ఉన్నాయి. రెండు ఖాళీ చేసి, కడిగి బోర్లించినవి. మూడోదాన్ని పెద్ద పళ్ళెంలో ఒంపి, బఠానీ ఒక గిన్నెలోకి, రాజ్మా ఒక గిన్నెలోకి, బార్లీ ఒక గిన్నెలోకి ఏరి పెట్టుకున్నాడు. కళ్ళజోడు పళ్ళెం పక్కనే ఉంది.

ఆర్లీన్ నిలబడే, గుక్క తిప్పుకోకుండా జరిగింది మొత్తం చెప్పేసింది. జలుబు, మూతలు, చక్కెర, అన్నీ. మీకు ఒంట్లో ఎలా ఉందని అడిగింది.

“ఓహో, పొరపాటా? నాకే జబ్బూ లేదులే” అన్నాడు నెస్టర్ కొంచెం నిరాశగా. “కొత్త పద్ధతేమో అనుకున్నాను. పన్నెండేళ్ళలో ఈసారే కాస్త తెగించావనుకున్నా. కూర్చో, తిను.”

తినక తప్పలేదు. గిన్నెలో ఉన్నది ముదురు రంగులో, చిక్కగా, పొగలు కక్కుతూ ఉంది. చక్కెర ఉందని నాలుకకి తెలిశాక ఆయన అందులో పులియబెట్టిన క్యాబేజీ నీళ్ళు పోశాడట, ఆవాల ముద్ద కలిపాడట, పొగలో ఎండబెట్టిన సాసేజ్ తరిగి వేశాడట. చిన్నప్పుడు వాళ్ళమ్మ దుంపల పులుసు ఇలాగే తీపి, పులుపు సమంగా పెట్టి కాచేదట. ఆర్లీన్ ఒక చెంచా తిని ఆగింది. ఇంకో చెంచా తింది. తర్వాత గిన్నె ఖాళీ అయ్యేవరకూ చెంచా దించలేదు. అంత మంచి సూపు తన జన్మలో తను చెయ్యలేదని ఆమెకి తెలుసు.

రెండో గిన్నె పోస్తూ నెస్టర్ మొదలుపెట్టాడు. బార్లీ బదులు బియ్యం వేసిన ఏడు అంతా జావ అయిందన్నాడు. ఆ తర్వాతి ఏడు మిరియాలు మరీ దండిగా పడ్డాయన్నాడు. ఐదో ఏడుది అన్నిటికన్నా బాగుందన్నాడు. అప్పుడు ఏమి వేసిందో ఆర్లీన్‌కే గుర్తులేదు. ఆయనకి గుర్తుంది.

“రాజ్మా రాత్రంతా నానాలి. మైసూరు పప్పు పావుగంటలో కరిగిపోతుంది. రెండిటినీ ఒకే సీసాలో పోసి గంటన్నర ఉడికించండి అని చీటీ రాస్తావు. అలా వండితే పప్పు ముద్దవుతుంది, గింజ రాయిలా ఉంటుంది. నువ్వు కంటికి వండావు గానీ నోటికి వండలేదు. అందుకే నేను కూర్చుని అన్నీ విడివిడిగా ఏరుకుంటాను. ఒక సీసాకి ఒక సాయంత్రం.”

“అంత కష్టం ఎందుకు పడటం? పారెయ్యచ్చు కదా?”

“చలికాలంలో సాయంత్రాలకి నాకేం కొరత లేదు. పైగా ఆ పప్పు మంచిది. మెర్విన్ పొలం గింజ ఇరవై ఏళ్ళు నా పంటి కింద పెట్టుకున్నాను, మర్చిపోతానా?” అని, “ఇంతకీ నువ్వెప్పుడైనా తిన్నావా, ఈ సీసాలోది?” అని అడిగాడు.

ఆర్లీన్ చెంచా గిన్నెలో పెట్టింది. ఇంట్లో సూపు కావాలంటే పంది తొడ ఎముక మరిగించి, కూరలు తరిగి అప్పటికప్పుడు చేస్తుంది. సీసాలన్నీ ఊళ్ళోవాళ్ళ కోసం. పన్నెండేళ్ళలో ఒక్కసారైనా మూత విప్పి, ఎనిమిది కప్పుల నీళ్ళు పోసి, గంటన్నర పొయ్యి మీద పెట్టి చూసిన పాపాన పోలేదు. పొద్దుటి నుంచి పది ఇళ్ళలో తను అడిగిన ప్రశ్న అది. ఇప్పుడు తనే గోడ వైపు చూసింది. ముందు సిగ్గేసింది. ఆ తర్వాత పొట్టలోంచి నవ్వు తన్నుకొచ్చింది. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. నెస్టర్ నవ్వలేదు గానీ ఆయన మీసం కదిలింది.

వెళ్ళేముందు బూట్లు తొడుక్కుంటూ, అడగకూడదనుకుంటూనే గుమ్మడి ‘పై’ సంగతి అడిగింది. అంతమందిలో అలా అనాలా అంది.

“పెచ్చు అట్టముక్కలాగే ఉంది. లోపలి గుమ్మడి సంగతి నువ్వడగలేదు. అది చాలా బాగుంది. రెండు ముక్కలు తిన్నాను.”

ఇంటికి వెళ్ళగానే ఆర్లీన్ ఫోన్ ముందు కూర్చుని ముప్ఫై ఒక్క ఇళ్ళకీ వరసగా చేసింది. ఈసారి వంకలు పెట్టలేదు. సీసాలో చక్కెర పడింది, నా పొరపాటే, వచ్చే శనివారం సాయంత్రం చర్చి కింది హాల్లో అందరం కలిసి దాన్ని సూపు చేసుకుందాం, ఈ ఏటిదే కాదు ఇంట్లో ఎన్నేళ్ళవి ఉంటే అన్నీ పట్టుకురండి అని చెప్పింది. పళ్ళ డాక్టరుకి ఇచ్చినావిడ పట్నం ఫోన్ చేసి ఆయన్ని కూడా రమ్మంది. ఆర్లీన్ చీటీ రాసి నెస్టర్ తలుపు సందులో పెట్టింది, గరిటె మీ చేతిలోనే ఉండాలని.

శుక్రవారానికి హాల్లో అరవై ఎనిమిది సీసాలు పోగయ్యాయి. లవర్న్ పన్నెండూ తెచ్చింది. ఒక్కోటి బల్ల మీద పెడుతూ బిడ్డని బడికి పంపుతున్నంత దిగులు పడింది. ఎనిమిదిమంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు కూర్చుని గింజలు ఏరుతుంటే, నెస్టర్ బల్లల మధ్య తిరుగుతూ ఒక్కో సీసాలోంచి ఒక్కో గింజ తీసి కొరికి చూశాడు. మొదటి మూడేళ్ళ రాజ్మా దగ్గర ఆగిపోయి, తన పన్ను ఊడిపోయేలా ఉందనీ, ఇవి ఉడకాలంటే తన ఆయుష్షు చాలదనీ చెప్పాడు. ఎవరూ జారకుండా వాటిని చర్చి మెట్ల మంచు మీద చల్లుదామని మెర్విన్ సలహా ఇచ్చాడు.

“గుండ్రటి గింజల మీద అడుగేస్తే జారకుండా ఉంటామా? అన్నయ్యా, నువ్వు మాట్లాడకుండా ఉల్లిపాయలు తరుగు” అంది లవర్న్.

శనివారం మూడు పెద్ద గంగాళాలు పొయ్యెక్కాయి. ఒకటి అడుగంటింది. ఒకదాంట్లో పులుపు ఎక్కువైంది. మూడోది మాత్రం కుదిరింది. బయట నుంచి మనుషులు మంచు దులుపుకుంటూ వస్తున్నారు, మెట్లు దిగేటప్పుడే సూపు వాసనకి ముక్కులెగరేస్తున్నారు. రొట్టెలు తెచ్చినవాళ్ళు రొట్టెలు, ఊరగాయలు తెచ్చినవాళ్ళు ఊరగాయలు బల్ల మీద పెట్టారు. అందరూ కూర్చున్నాక ఆర్లీన్ లేచి నిలబడింది. పన్నెండేళ్ళుగా మీకు ఇచ్చిన సూపు నేను తినలేదు, మీరూ తినలేదు, ఇవాళ తిందాం అంది. ముందు డోరీన్ నవ్వింది, తర్వాత అందరూ.

కడుపుబ్బరమని చెప్పిన డోరీన్ మూడు గిన్నెలు తింది. నెస్టర్ గంగాళం దగ్గరే నిలబడి, వచ్చినవాడికల్లా ఆ సూపులో ఏం తక్కువైందో వివరించి మరీ వడ్డించాడు. ఎవరూ పట్టించుకోలేదు. పళ్ళ డాక్టరు ఇంటికి పట్టుకెళ్ళడానికి ఒక సీసాలో పోయించుకున్నాడు.

మరుసటి ఏడు నవంబరులో ఆర్లీన్ వంటింట్లో బల్లకి ఒకవైపు ఆమె, ఇంకోవైపు నెస్టర్ కూర్చున్నారు. అంతకు ముందు నెల రోజులు వాళ్ళిద్దరూ పదకొండు రకాలుగా సూపు కాచి చూశారు. ఎనిమిదిసార్లు కొట్లాడుకున్నారు. చివరికి బార్లీ, బఠానీ బద్దలు, సూపు పొడి ఒకటిగా కలిపి సీసాలో పోసి, మైసూరు పప్పుని చిన్న కాగితం పొట్లం కట్టి పైన పెట్టి, ‘ఇది ఆఖరి పావుగంటలో వెయ్యండి’ అని రాయాలని తేలింది. రాజ్మా ఉండకూడదని ఆయన, గుడ్డ తప్పకుండా కట్టాలని ఆమె పంతం పట్టారు, ఇద్దరి మాటా నెగ్గింది.

వరసలు లేవు, రంగులు లేవు. సీసాలో చూస్తే తడి ఇసుక పోసినట్టుంది. తన సీసా అందుకున్న లవర్న్ దాన్ని వెలుగులో ఇటూ అటూ తిప్పి చూసి, ఇది అలమారా మీద పెడితే సిమెంటు తెచ్చి పెట్టుకున్నట్టుంటుందని మొహం ముడిచింది.

“అందుకే పెట్టుకోకు. పొయ్యి మీద పెట్టు” అంది ఆర్లీన్.

కొత్త సంవత్సరం వచ్చిన నాలుగో రోజు పొద్దున మెర్విన్ మెట్ల మీది మంచు ఎత్తడానికి తలుపు తీశాడు. గుమ్మం ముందు కడిగిన ఖాళీ సీసాలు పద్నాలుగు ఉన్నాయి. రాత్రి కురిసిన మంచు వాటిలో తలో పిడికెడు నిండింది. ఒకదానికి కాగితం కట్టి ఉంది. విప్పి చదవడానికి ఆయన దగ్గర కళ్ళజోడు లేదు. లోపలికి తెచ్చి ఆర్లీన్ చేతికిచ్చాడు. లవర్న్ దస్తూరి. ఉప్పు తక్కువైందనీ, ఇంకొకటి ఉంటే పంపమనీ రాసింది.

ఆర్లీన్ చేతులు కడుక్కుని, బఠానీ బస్తా మూతి విప్పింది.